ఎక్కడ చెడిందో వెతికే ఉద్యోగం

(కృష్ణా జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్, భౌతికశాస్త్ర విద్యార్థులను ఉద్దేశించి ఒక పరిశోధక శాస్త్రవేత్త చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంత ఉక్కపోతలో, నా మాటలు వినడానికి వచ్చి కూర్చున్న విద్యార్థులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. వెనక వరుసల్లో కునుకు పట్టే సమయమిది అని నాకు తెలుసు. నేనూ ఆ వరుసల్లో కూర్చుని చదువుకున్నదాన్నే.

ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ "చిప్పులు తయారుచేసే శాస్త్రవేత్త" అన్నారు. వినడానికి బాగుంది. ఉన్నమాట చెప్పాలంటే, ఈ ఇరవై ఆరేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లినవాటిలో పనిచేసినవాటికంటే పనిచేయనివే ఎక్కువ. నా కాలమంతా చాలావరకు అవి ఎందుకు పనిచేయలేదో కనుక్కోవడంలోనే గడిచింది. మైక్రోఎలక్ట్రానిక్స్, నానోఫ్యాబ్రికేషన్, అంటే కంటికి ఆననంత చిన్న పరికరాలు చేసే రంగంలో పరిశోధక శాస్త్రవేత్త అంటే ఎవరు అని మీరు నన్నడిగితే, ఎక్కడ చెడిందో వెతకగలిగిన మనిషి అని చెబుతాను. ఈ గంటసేపూ ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చెప్పబోతున్నాను, ఓపిక పట్టండి.

ముందుగా, మొదటి వరుస నుంచి ఒక డబ్బా వెనక్కి వస్తుంది. అందులో ఒక సిలికాన్ వేఫరు ఉంది. నాలుగు అంగుళాల వ్యాసం, అర మిల్లీమీటరు మందం. అప్పడం కంటే పలచన, అప్పడం కంటే పెళుసు. మూత తీసి చూడవచ్చు. అంచులు పట్టుకోండి, మధ్యలో మాత్రం వేలు పెట్టవద్దు. ఎందుకు పెట్టవద్దో తర్వాత చెబుతాను. దాని మీద మీకు నీలం రంగు కనిపిస్తుంది. ఆ నీలం ఎవరూ పూసినది కాదు. సిలికాన్‌ను సుమారు వెయ్యి డిగ్రీల ఫర్నేసులో ఉంచి ఆక్సిజనో నీటి ఆవిరో పంపితే, దాని పైభాగం సిలికాన్ డయాక్సైడుగా, అంటే గాజుగా మారుతుంది. ఆ గాజు పొర పైనుంచి తిరిగివచ్చిన కాంతి, అడుగు నుంచి తిరిగివచ్చిన కాంతి కలిసి మన కంటికి రంగుగా కనిపిస్తాయి. వాన వెలిసిన తర్వాత రోడ్డు మీద నీటిలో తేలే పెట్రోలు చుక్కలో కనిపించే రంగులూ ఇటువంటివే. పొర మందం 100 నానోమీటర్లుంటే ఊదా, 200 ఉంటే లేత బంగారు వర్ణం, 300 ఉంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న నీలం. మీ తలవెంట్రుక దీనికంటే సుమారు రెండు వందల రెట్లు లావు. కంటికి ఆనని కొలతను రంగు చూసి చెప్పవచ్చునని తెలిసిన రోజున నేను ఈ రంగంలోకి వచ్చేశాను. మిగతా కారణాలన్నీ ఆ తర్వాత ఇంటర్వ్యూల కోసం కల్పించుకున్నవి.

ఇక్కడ పెడన వైపు నుంచి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఉన్నారు, సంతోషం. మా అమ్మగారి పుట్టిల్లు పెడన. వేసవి సెలవులకు వెళితే మా మావయ్యగారి షెడ్డులో కలంకారీ అద్దకం చూస్తూ కూర్చునేవాళ్లం. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్టను బల్ల మీద పరిచి, ముందుగా గీతల అచ్చు వేస్తారు. ఆ తర్వాత పువ్వు లోపల నింపే అచ్చు, ఆకు లోపల నింపే అచ్చు, ఇలా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క టేకు అచ్చు. రెండో అచ్చును బట్టకు తాకించే ముందు మావయ్య చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగేది. అచ్చు మూలను ముందు వేసిన గీత మూలతో కళ్లతోనే కలిపి, అప్పుడు దించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేసేవారు. నూలుపోగంత తప్పినా పువ్వు ఎరుపు ఆకులో పడుతుంది. పడిన తర్వాత ఆ బట్టను బాగుచేయడానికి లేదు.

చిప్పు తయారీలో లిథోగ్రఫీ అనే దశ సరిగ్గా ఇదే. వేఫరు మీద ఫొటోరెసిస్టు అనే చిక్కని ద్రవాన్ని కొద్దిగా పోసి, నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిప్పితే, అది సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మందాన సమంగా పరుచుకుంటుంది. దాని మీద మాస్కు, అంటే మనకు కావలసిన నమూనా గీసిన గాజు పలక, పెట్టి అతినీలలోహిత కాంతి పంపితే, మేము మామూలుగా వాడే రకం రెసిస్టు వెలుగు పడినచోట డెవలపరు అనే ద్రావణంలో కరిగిపోతుంది, పడనిచోట నిలుస్తుంది. నిలిచినచోట కింది పొరకు రక్షణ. కరిగినచోట ఆమ్లమో, విద్యుత్తుతో రగిలించిన వాయువైన ప్లాస్మానో దిగి తొలుస్తుంది. వెనకటి కలంకారీలో బట్టను నీలిమందు తొట్టిలో ముంచే ముందు, నీలం అంటకూడని భాగాలకు మైనం రాసేవారు. రెసిస్టు చేసేది ఆ మైనం పనే. అలా ఒక పొర అయ్యాక రెండో మాస్కు, ఆ తర్వాత మూడో మాస్కు; ప్రతిసారీ కింది పొరలో చెక్కిన కూడిక గుర్తు మీద కొత్త మాస్కులోని కూడిక గుర్తు సరిగ్గా కూర్చోవాలి. మా దగ్గర మైక్రోస్కోపులో చూస్తూ, చేత్తో మరలు తిప్పుతూ, ఒక మైక్రాన్ తేడాలోపు కలుపుతాం. ఇవాళ్టి పెద్ద కర్మాగారాల్లో యంత్రాలు రెండు మూడు నానోమీటర్ల తేడాలోపు కలుపుతున్నాయి. పద్ధతి పెడనదే, కొలతలే వేరు అని నేను మా విద్యార్థులతో అంటే వాళ్లు నన్ను కొంచెం వింతగా చూస్తారు.

కాంతి గురించి కూడా ఒక మాట. మేము వాడేది పాదరసపు దీపం. తరంగదైర్ఘ్యం 365 నానోమీటర్లు. పరిశ్రమ 193 నానోమీటర్ల లేజరుతో, కటకానికి వేఫరుకు మధ్య నీటిపొరను నిలిపి, చాలాకాలం నెట్టుకొచ్చి, ఇప్పుడు 13.5 నానోమీటర్లకు దిగింది. ఆ కాంతిని పుట్టించడానికి కరిగిన తగరపు బిందువులను సెకనుకు 50 వేల చొప్పున వదులుతూ, ఒక్కొక్కదాన్ని లేజరుతో కొడతారు. ఆ కాంతిని గాలీ పీల్చేసుకుంటుంది, గాజూ పీల్చేసుకుంటుంది. అందువల్ల మొత్తం వ్యవహారమంతా శూన్యంలో, కటకాలు లేకుండా అద్దాలతోనే జరగాలి. అటువంటి యంత్రాన్ని చేసి అమ్ముతున్నది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. మీరు వార్తల్లో "3 నానోమీటర్ల చిప్పు" అని చదువుతుంటారు. ఆ 3 అనే అంకె చిప్పులో స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరులోని ఏ భాగపు కొలతా కాదు, ఆ తరానికి పెట్టిన పేరు. ట్రాన్సిస్టరును ఆన్, ఆఫ్ చేసే భాగాన్ని గేటు అంటారు; ఒక గేటు నుంచి పక్క గేటుకు దూరం ఇప్పటికీ నలభై యాభై నానోమీటర్ల దగ్గరే ఉంది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడుగుతారు, గుర్తుంచుకోండి.

సరే, వేఫరు మధ్యలో వేలు ఎందుకు పెట్టవద్దన్నాను? ఇవాళ్టి చిప్పులన్నిటికీ ఆధారమైన మాస్ (లోహం, ఆక్సైడు, సెమీకండక్టరు పొరల) ట్రాన్సిస్టరును బెల్ ల్యాబ్స్‌లో అటాలా, కాంగ్ అనే ఇద్దరు 1959లో చేసి చూపించారు. కానీ కొన్నేళ్లపాటు దాన్ని నమ్ముకుని ఏదీ కట్టడానికి వీలులేకపోయింది. ఇవాళ ఒక వోల్టేజి దగ్గర ఆన్ అయిన ట్రాన్సిస్టరు, కొంచెం వేడిచేసి కొంతసేపు వోల్టేజి పెట్టి ఉంచితే మరొక వోల్టేజి దగ్గర ఆన్ అయ్యేది. సిద్ధాంతంలో తప్పు లేదు, గీసిన డిజైనులో తప్పు లేదు. మరి ఎక్కడుంది తప్పు? 1965లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలోని స్నో, గ్రోవ్, డీల్, సా అనే నలుగురు దీని మీద ప్రచురించిన పత్రంతో దోషి ఎవరో స్పష్టమైంది. దోషి సోడియం. గాజు పొరలో చిక్కుకున్న సోడియం అయాన్లు విద్యుత్ క్షేత్రం వెంట అటూ ఇటూ నడుస్తున్నాయి. సోడియం ఎక్కడి నుంచి వచ్చింది? రసాయనాల నుంచి, పాత్రల నుంచి, మనిషి చెమట నుంచి. మన ఒంటి ఉప్పు, పిల్లలూ! ఒక వేలిముద్ర చాలు. ఆ నలుగురిలో గ్రోవ్ అన్న ఆయనే తర్వాత ఇంటెల్ అధిపతి అయ్యారు. ఆయన పేరు వ్యాపార రంగంలో చాలామందికి తెలుసు. ఆయన మొదట ఉప్పు జాడ పట్టిన మనిషి అన్నది తక్కువమందికి తెలుసు.

ఆ రోజుల్లోనే, 1965లో, ఆర్‌సీఏ కంపెనీలో వెర్నర్ కెర్న్ అనే ఆయన వేఫరును కడగడానికి ఒక క్రమం రూపొందించారు. అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీరు కలిపిన వేడి ద్రావణంలో ఒకసారి. ఆ తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెరాక్సైడ్, నీరు కలిపిన దానిలో మరొకసారి. మొదటిది దుమ్మునూ జిడ్డునూ తీస్తుంది, రెండోది లోహాలను తీస్తుంది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా, ఏ దేశంలోని ప్రయోగశాలలోనైనా, ఫర్నేసు దగ్గరికి వెళ్లే ముందు చేసే పని దాదాపు అదే. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నేను ఆరు నెలలు వేఫర్లు కడిగాను. ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్నగారు "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేవారు. "గిన్నెలు కడుగుతున్నాను నాన్నా" అనేదాన్ని. ఆయన నవ్వేవారు, నేను నిజమే చెబుతున్నానని ఆయనకు తెలియదు.

ఇప్పుడు ఫోన్లు తీయండి, ఈ ఒక్కసారికి అనుమతి ఉంది. కాలిక్యులేటరులో 0.98 కొట్టి, దాన్ని 50 సార్లు దానితోనే గుణించండి. ఎంత వచ్చింది? 0.36. అవును. దీని అర్థమేమిటి? ఒక పరికరం చేయడానికి యాభై దశలున్నాయనుకోండి. ప్రతి దశనూ నూటికి 98 పాళ్లు సవ్యంగా చేశారు. పరీక్షలో 98 వస్తే ఇంట్లో మిఠాయిలు పంచుతారు. ఇక్కడ ప్రతి దశలోనూ 98 తెచ్చుకున్న మనిషి వేఫరు మీద చివరికి పనిచేసేది మూడింట ఒక వంతు. కర్మాగారంలో దశలు వెయ్యి దాకా ఉంటాయి. దశకు 99.9 శాతం చొప్పున వేసినా, వెయ్యి దశల తర్వాత మిగిలేది మళ్లీ అదే 36, 37 శాతం. ఈ లెక్క మనసుకెక్కితే, ఈ రంగంలో మనుషులు ఎందుకంత చాదస్తంగా ఉంటారో మీకు అర్థమవుతుంది. తలకు టోపీ, ముక్కుకు మాస్కు, నిలువెల్లా సూటు, బూట్లు, రెండు జతల చేతితొడుగులు. తలలో పూలు వద్దు, పౌడరు వద్దు, గాజులు వద్దు. పెన్సిల్ కూడా వద్దు, దాని పొడి రాలుతుంది. మనిషి కదలకుండా కూర్చున్నా ఒంటి నుంచి కణాలు రాలుతూనే ఉంటాయి. మేము పనిచేసే దుమ్ములేని గదిని క్లీన్‌రూము అంటారు. వంద తరగతి క్లీన్‌రూములో ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకంటే పెద్ద కణాలు వందకు మించకూడదు. ఆ గదిలో అన్నిటికంటే మురికి వస్తువు శాస్త్రవేత్తే.

ఇక నేను వెతికిన ఒక తప్పు సంగతి చెబుతాను. ఏ సంస్థలో జరిగిందో చెప్పను, నగరం కూడా చెప్పను. పీహెచ్‌డీ మూడో సంవత్సరం. గాజు పొరను తొలిచి, నాలుగు మైక్రాన్ల వెడల్పు గాజు గీతలు మిగల్చాలి. జనవరి నుంచి మే వరకు చక్కగా వచ్చాయి. జూన్ మూడో వారంలో ఒక రోజు, ఆమ్లంలోంచి తీసి కడిగి చూస్తే నాలుగు ఉండవలసిన గీత రెండే ఉంది. కొన్నిచోట్ల అసలు లేదు. రెసిస్టు పొర పొరగా లేచి నీళ్లలో తేలుతోంది. ఏం చేస్తాం? రెసిస్టు పాతబడిందనుకున్నాం. కొత్త సీసా విదేశం నుంచి రావడానికి ఆరు వారాలు. వచ్చింది, వేశాం, అదే కథ. ఆమ్లం మార్చాం. కాంతి సమయం పెంచాం, తగ్గించాం. ఒక వారం బాగా వచ్చేది, "పట్టేశాం" అనుకునేవాళ్లం, తరువాతి వారం మళ్లీ పోయేది. అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఎప్పుడూ చెడితే కారణం దొరుకుతుంది. అప్పుడప్పుడు చెడితే మనిషికి దేవుడు గుర్తొస్తాడు. మా తోటి విద్యార్థి ఒకడు యంత్రానికి నిమ్మకాయ కట్టాడు. నవ్వకండి, క్లీన్‌రూము బయటే కట్టాడు.

అలా నాలుగు నెలలు పోయాయి. మా ల్యాబులో ఒక టెక్నీషియన్ ఉండేవారు. ఐటీఐ చదివారు. ప్రతి రోజూ ఉదయం ఎనిమిదింటికి వచ్చి, లాగ్‌బుక్కులో తారీఖు, ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం రాసేవారు. ఆ నిలువు వరుసను ఎవరమూ చదివేవాళ్లం కాదు. ఒక సాయంత్రం, చేయడానికి ఇంకేమీ తోచక, నేను ఆ పుస్తకాలు ముందు వేసుకుని నా రన్లన్నిటినీ, అంటే చేసిన ప్రయత్నాలన్నిటినీ, గ్రాఫు కాగితం మీద గుర్తులు పెట్టాను. తేమ 45 శాతం దగ్గరున్న రోజుల్లో చేసినవన్నీ మంచివి. 55 దాటిన రోజుల్లో చేసినవన్నీ చెడ్డవి. ఒక్కటి కూడా తప్పలేదు. గదిని చల్లబరిచే వ్యవస్థలో తేమ తీసే భాగం ఒకటి వానాకాలం మొదట్లో మొరాయించింది. ఉష్ణోగ్రత సరిగ్గానే ఉంది కాబట్టి ఎవరికీ ఒంటికి తేడా తెలియలేదు. గాజు ఉపరితలానికి నీరంటే ప్రీతి. తేమ గాలిలో అది నీటిని పట్టుకుంటుంది. రెసిస్టుకు నీరంటే గిట్టదు. రెండింటి మధ్య పట్టు సడలింది, ఆ సందులోంచి ఆమ్లం రెసిస్టు కిందికి దూరింది.

దీనికి మందు అందరికీ తెలిసిందే. రెసిస్టు వేసే ముందు వేఫరును కాసేపు రెండు వందల డిగ్రీల దగ్గర కాల్చి, హెచ్ఎండీఎస్ అనే రసాయనపు ఆవిరి పట్టిస్తారు. అది ఉపరితలాన్ని నీటికి దూరం చేసి రెసిస్టుకు దగ్గర చేస్తుంది. మరి మేమెందుకు పట్టించలేదు? మా పద్ధతి కాగితం మీద ఆ దశ ఉంది. ఎండాకాలంలో అది లేకపోయినా పని జరిగిపోతుండేసరికి, అరగంట కలిసొస్తుందని నేనే మానేశాను. అవును, నేనే. మానేసినట్టు నా నోటుబుక్కులో ఎక్కడా రాసుకోలేదు. అరగంట ఆదా చేసి నాలుగు నెలలు కట్టాను. థీసిస్ ముందు పేజీలో ఆ టెక్నీషియన్ గారికి ఒక వాక్యం కృతజ్ఞతగా రాశాను. అది చాలదని రాసేటప్పుడే తెలుసు.

మీలో ఎవరైనా ఈ రంగంలోకి వస్తే, యంత్రం పేర్ల కంటే ముందు నోటుబుక్కు రాయడం నేర్చుకోండి. ఏం చేశారో రాయడం కాదు, అది అందరూ రాస్తారు. ఏం మానేశారో రాయాలి. ఏ సీసా, ఏ తారీఖున తెరిచింది, మీకు ముందు ఆ యంత్రంలో ఎవరు ఏ పదార్థం వేశారు, ఇవి రాయాలి. మీకు ముందు వెళ్లిన మనిషి ఆ యంత్రంలో బంగారం వేసి ఉంటే, ఆ బంగారం మీ సిలికాన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. బంగారం మెడలో ఉంటే అందం, ట్రాన్సిస్టరులో ఉంటే విషం.

విషం అన్నాను కాబట్టి, భద్రత గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మాకు నిత్యం అవసరం. గాజును కరిగించేది అదే, అందుకే దాన్ని ప్లాస్టిక్ పాత్రల్లో ఉంచుతాం. పలచని ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. అది లోపలికి దిగి శరీరంలోని క్యాల్షియాన్ని పట్టుకుంటుంది. ఎక్కువైతే గుండె ఆగుతుంది. నీటితో కడిగి, క్యాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఒంటరిగా ఆ బెంచీ దగ్గర నిలబడకూడదు, పేపరు గడువు రేపే అయినా సరే. అలాగే సల్ఫ్యూరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ కలిపిన ద్రావణం వాడాక, దాని వ్యర్థాన్ని వాయువు పోయే దారి లేకుండా మూత బిగించి పెడితే, రాత్రికి ఆ సీసా పేలుతుంది. నేను పనిచేసిన ఒకచోట పేలింది. గదిలో ఎవరూ లేని సమయం కావడం అదృష్టం. జాగ్రత్త ఉన్నవారు భయస్థులని మగపిల్లలు కొందరు అనుకుంటారు. అటువంటివారిని నేను నా ల్యాబులోకి రానివ్వను.

ఇప్పుడు మీరు అసలు అడగదలచుకున్న ప్రశ్నలకు వస్తాను. ఏం చదవాలి, ఎంత వస్తుంది, ఉద్యోగం ఎక్కడ?

ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) చదివినవారే రావాలని లేదు. నా బృందంలో ఇప్పుడున్నవారిలో భౌతికశాస్త్రం చదివినవారు ఉన్నారు, రసాయనశాస్త్రం చదివినవారు ఉన్నారు, కెమికల్ ఇంజనీరింగ్, మెకానికల్ చదివినవారూ ఉన్నారు. ప్లాస్మా గదిలో జరిగేది రసాయనం. శూన్యం నిలబెట్టేది మెకానికల్ పని. కొలిచి అర్థం చెప్పేది భౌతికశాస్త్రం. గేట్ పరీక్ష రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు ఉపకారవేతనం. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఎందుకంత? ఒక పంపు చెడితే విడిభాగం వచ్చేదాకా మూడు నెలలు కూర్చోవాలి కాబట్టి. మీతో చదివిన స్నేహితులు గచ్చిబౌలిలో ఫ్లాటు కొనుక్కునే సమయానికి మీరింకా హాస్టల్ మెస్సులో పప్పు గురించి ఫిర్యాదు చేస్తూ ఉంటారు. పెళ్లిళ్లలో మీ అమ్మగారిని "అమ్మాయి ఇంకా చదువుతూనే ఉందా?" అని అడుగుతారు. ఇది కష్టం కాదని నేను చెప్పను. మా ఇంట్లోనూ అడిగారు.

ఆ తర్వాత దారులు మూడు. ఆచార్య పదవి ఒకటి; దాని గురించి ఇక్కడ చాలామంది మాస్టార్లున్నారు, నేను చెప్పనక్కరలేదు. రెండోది ప్రభుత్వ ప్రయోగశాల. మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ ఉత్పత్తి 1984లో మొదలైంది; 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. ఆ మంట మనల్ని ఎన్నేళ్లు వెనక్కి నెట్టిందో లెక్కకట్టడం కష్టం. తిరిగి కట్టుకున్నారు, అంతరిక్ష వాహనాల కోసం ఇస్రోతో కలిసి చేసిన విక్రమ్ 3201 ప్రాసెసరు అక్కడి 180 నానోమీటర్ల లైనులో తయారైందే. మన హైదరాబాదులో గేటెక్ అనే కేంద్రం ఉంది. అక్కడ సిలికాన్‌తో కాక గ్యాలియం ఆర్సెనైడ్‌తో, రాడార్లకు కావలసిన చిప్పులు చేస్తారు. హైదరాబాదు అంటే సాఫ్ట్‌వేరు, చిప్ డిజైను మాత్రమే అనుకునేవారికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. పిలానీలో 1953లో పునాది పడిన సీరీ అనే ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థ ఉంది. మూడోది పరిశ్రమ. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయల కార్యక్రమం ప్రకటించింది. 2024 మార్చిలో గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్‌కు చెందిన పీఎస్ఎంసీ అనే చిప్పుల కంపెనీ కలిసి కట్టే ఫ్యాబ్‌కు, అంటే చిప్పుల కర్మాగారానికి, శంకుస్థాపన జరిగింది. 28 నానోమీటర్ల నుంచి 110 నానోమీటర్ల దాకా అక్కడి లక్ష్యం. పాత తరమే కదా అని కొందరు పెదవి విరుస్తారు. కారులో, మీటరులో, ఫ్యానులో ఉండే చిప్పులకు ఆ తరమే చాలు. అదీగాక, మొదటి ఫ్యాబ్‌లో మనకు కావలసింది తప్పు వెతకగలిగిన కొన్ని వేలమంది మనుషులు. వాళ్లు ఏ తరం మీదనైనా తయారవుతారు.

పరిశ్రమకూ పరిశోధనకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది, అది ఉద్యోగంలో చేరాక మనసుకు ఇబ్బంది కలిగిస్తుంది కాబట్టి ముందే చెబుతాను. పరిశోధనలో నూటికి ఒక్క పరికరం అద్భుతంగా పనిచేస్తే దాని మీద పేపరు రాయవచ్చు. కర్మాగారంలో నూటికి ఒక్కటి పనిచేయకపోతే సమావేశం పెడతారు. మా పరిశోధకుల్లో ఒక దురలవాటు ఉంది: ఎన్ని చేశాం, ఎన్ని పోయాయి అన్నది చెప్పకుండా, బాగా వచ్చిన ఒక్కదాని గ్రాఫు ముద్రిస్తాం. నేనూ చేశాను. అటువంటి పేపరు చదివి, అదే చేయబోయి, ఏడాది పోగొట్టుకున్న విద్యార్థులు నాకు తెలుసు. ఇప్పుడు నా బృందం రాసే ప్రతి పేపరులోనూ ఎన్ని చేస్తే ఎన్ని పనిచేశాయో ఒక వాక్యం ఉండాలన్నది నా నియమం. దానివల్ల ఒకటి రెండు పేపర్లు తిరిగివచ్చాయి కూడా. రానివ్వండి.

మా కళాశాలలో ఫ్యాబ్ లేదు, మేమెలా నేర్చుకోవాలి అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారు. సబబైన ప్రశ్న. కాకతీయ విశ్వవిద్యాలయంలో బీటెక్ చదివిన రాంగోపాల్ రావు గారు ఐఐటీ బొంబాయిలో నానోఎలక్ట్రానిక్స్ ఆచార్యులై, ఆ తర్వాత ఐఐటీ ఢిల్లీ డైరెక్టరయ్యారు. ఆయన చదివే రోజుల్లో విద్యార్థులకు లేని వీలు మీకొకటి ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయి క్లీన్‌రూములను దేశంలోని ఏ కళాశాల వారైనా వాడుకునేందుకు ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం 2008లో మొదలైంది. తర్వాత మరికొన్ని ఐఐటీలు చేరాయి. ముందు కొద్దిరోజుల శిక్షణ, ఆ తర్వాత మీ ప్రతిపాదన నచ్చితే యంత్రాల మీద సమయం. అటువంటి ప్రతిపాదనలను నేను కొన్నేళ్లు చదివాను. చాలావాటిలో మొదటి రెండు పేజీలు నానోటెక్నాలజీ ప్రపంచాన్ని ఎలా మార్చబోతోందో రాసి ఉంటుంది. ఆ రెండు పేజీలూ ఎవరూ చదవరు. చదివేది ప్రాసెస్ ఫ్లో: ఏ వేఫరు, ఏ పొర, ఎంత మందం, ఏ మాస్కు, దేనితో తొలుస్తారు, ప్రతి దశ తర్వాత దేనితో కొలుస్తారు, పక్క నుంచి కోసి చూస్తే ఆ దశలో ఎలా కనిపిస్తుంది. ఒక్కొక్క దశకు ఒక చిన్న బొమ్మ. అది గీయడానికి కాగితం, స్కేలు చాలు, ఫ్యాబ్ అక్కరలేదు.

మాస్టారు గడియారం చూపిస్తున్నారు, ముగిస్తాను. నా డబ్బా ఎక్కడిదాకా వెళ్లింది? ఇటు ఇవ్వండమ్మా. ఊఁ... పంపినప్పుడు శుభ్రంగా ఉంది. ఇప్పుడు నడిమధ్యన మూడు వేళ్లు, అంచు దగ్గర ఒక బొటనవేలు కనిపిస్తున్నాయి. పరవాలేదు, ఇది ఎప్పుడో పారేయవలసిన డమ్మీ వేఫరు. రేపు ఉదయం పది గంటల నుంచి ఒంటిగంట దాకా మీ ఎలక్ట్రానిక్స్ విభాగంలో ఉంటాను. ఒక మామూలు పీఎన్ డయోడు చేయడానికి ఖాళీ వేఫరు దగ్గర మొదలుపెట్టి ఎన్ని దశలు కావాలో బొమ్మలతో గీసుకుని వచ్చినవారితో ఎంతసేపైనా కూర్చుంటాను. తప్పులుండనివ్వండి, కలిసి వెతుకుదాం. ఉత్త చేతులతో వచ్చి "మేడమ్, కెరీర్ గైడెన్స్" అంటే మాత్రం టీ ఇప్పించి పంపేస్తాను. నమస్కారం.